దస్తరములో దారి

సూర్యాపేటకు ఆమడ దూరము సైతము లేని పిల్లలమఱ్ఱి గ్రామమున, కాకతీయులకు సామంతులై యేలిన రేచర్ల ప్రభువుల కాలమునాటి శివాలయములు నేటికిని నిలిచియున్నవి. వానిలో ఎరకేశ్వరాలయము 1208లో వెలసినది. ఆ యుగమునాటి దానశాసనములను చదువునపుడు ఒక విషయము ప్రత్యేకముగా దృష్టిని ఆకర్షించును. దేవునికి భూమి నిచ్చిన దాత తానిచ్చిన పొలమునకు పేరు పెట్టడు, అంకె వేయడు. ఫలానా చెఱువు వెనుక ఇన్ని మర్తురులని చెప్పి, తూర్పున గట్టు, దక్షిణమున వాగు, పడమట మరియొకరి చేను అని హద్దులను వర్ణించి, ఆ వర్ణన ఆచంద్రార్కము నిలుచునని నమ్మి, శిలపై చెక్కించి వెడలిపోవును. ఊరిలో పుట్టి పెరిగినవానికి ఆ వర్ణన చాలును. ఆ చెఱువు పూడి, ఆ వాగు త్రోవ మార్చుకొని, ఆ పొరుగు రైతు వంశము అంతరించిన పిమ్మట వచ్చిన క్రొత్తవానికి ఆ శాసనము చదువ వచ్చును గాని, అది చెప్పిన పొలమునకు చేర్చు త్రోవ దొరకదు.

అపారమైన లేఖ్యరాశిలో, దానిని వ్రాసినవారెవరో తెలియని మనుష్యుడు, తనకు కావలసిన ఒక్క పంక్తిని ఎవరినీ ఆశ్రయింపక ఎట్లు చేరుకొనగలడన్నదే ఈ వ్యాసమునకు విషయము. హైదరాబాదులోని కార్యాలయములలో లక్షల పంక్తుల ప్రోగ్రాముల నడుమ కూర్చుండి, ఒక చిన్న లెక్క ఏ ఫైలులో జరుగుచున్నదో వెదకుకొను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ యువకులకు ఈ ప్రశ్న నిత్యానుభవము. అయితే వారి తాత ముత్తాతలు తమ పొలము ఏ దస్తరములో ఏ పేర ఉన్నదో తెలియక ఇదే ప్రశ్నతో నూరేండ్లు ఊరి లెక్కలు వ్రాయు పట్వారీ గుమ్మము ముందు నిలిచియుండిరి. ఆ పాత చరిత్ర తెలిసినచో ఈ క్రొత్త విద్యలో ఏది ముఖ్యమో, ఏది కేవలము ఉపకరణమో చక్కగా తేటపడునని నా విశ్వాసము.

నిజాం రాజ్యమున 1853లో దివానుగిరీ చేపట్టిన మొదటి సాలార్ జంగు, 1865లో జిలాబందీ చేసి, రాజ్యమును జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి, శిస్తు వసూలును గుత్తదారుల చేతినుండి తప్పించి ప్రభుత్వోద్యోగుల పరము చేసెను. జిల్లా, తాలూకా, గ్రామము అను మెట్లు ఏర్పడినవి గాని, గ్రామములోపల పొలమును గుర్తించు సాధనము ఇంకను లేకుండెను. ఆ కొఱత తీర్చుటకై 1870ల దశకమున బొంబాయి రాష్ట్రపు పద్ధతి ననుసరించి సర్వే సెటిల్మెంటు శాఖ నెలకొల్పబడినది. ఆ శాఖ చేసిన పనులలో శిస్తు నిర్ణయమే ప్రధానమని చరిత్రకారులు చెప్పుదురు. నాకు మాత్రము, గ్రామపు ఒక మూలనుండి ఆరంభించి ప్రతి పొలమునకును వరుసగా ఒక అంకె వేయుటయే వారు చేసిన మహత్కార్యముగా తోచుచున్నది. పట్టాదారు మరణించును, పొలము చేతులు మారును, పంట మారును. సర్వే నంబరు మాత్రము మారదు. యజమాని పేరుతో గాని, పక్కనున్న చెట్టు పేరుతో గాని ముడిపడక, నేలతో మాత్రమే ముడిపడియుండుట వలన దానికి ఆ స్థిరత్వము కలిగినది.

ఆ కొలత ఎట్లు జరిగెడిదో కొంత దగ్గరగా చూడవలసియున్నది. సర్వేయరు చేతి గొలుసు ముప్పదిమూడు అడుగులు; దానిని పదునాఱు అణాలుగా విభజించిరి. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరము, అనగా 1089 చదరపు అడుగులు, ఒక గుంట. నలువది గుంటలు ఒక ఎకరము. ఆ లెక్క నేటికిని ఈ సీమలో ఎట్టి నిరక్షరాస్యుడైన రైతుకైనను కంఠస్థము. పొలము నడుమ ఒక ఆధారరేఖ లాగి, ఆ రేఖనుండి ప్రతి మూలకును అడ్డముగా ఎన్ని గొలుసులో, ఎన్ని అణాలో కొలిచి, ఆ కొలతలను గీతలతో సహా ఒక కాగితమున దించెడివారు. దానిని టిప్పన్ అందురు. ఊరి పొలములన్నియు ఒకచోట కనబడు పెద్ద పటము నక్షా. నక్షా మీద అంకెను చూచి టిప్పన్ తీసినచో, హద్దు రాళ్ళు పోయినను, గొలుసు పట్టుకొని ఆ మూలలను మరల నేలమీద నిలుపవచ్చును. లేఖ్యమునందలి గుర్తునుండి బయలుదేరి వస్తువును చేరుటయు, వస్తువు దగ్గర నిలిచి లేఖ్యమును చేరుటయు రెండును సాధ్యమైనవి.

ఇక అంకెను పట్టుకొని దస్తరములో ప్రవేశింతము. ఎఱ్ఱగుడ్డలో మూటగట్టిన పట్వారీ దస్తరమున అన్నింటికిని మూలము సేత్వారు. సెటిల్మెంటు నాడు నిర్ణయించిన సర్వే నంబరు, విస్తీర్ణము, తరియా ఖుష్కియా (మాగాణియా మెట్టయా) అను వివరము, ఖరాబు పోగా మిగిలిన భూమి, శిస్తు, పట్టాదారు పేరు అందు వ్రాయబడును. తరువాత జరిగిన మార్పులు ఫైసల్ పట్టీలో చేరును. ఏయేటి కాయేడు పొలము మీదికి పోయి, మోకా మీద చూచి, పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరున్నారు, ఏ పంట వేసిరి అని వ్రాయవలసినది పహాణీ. శిస్తు ఎవరు కట్టిరో, ఎవరు బాకీయో తెలుపునది వసూల్ బాకీ. ఇవిగాక శిఖము, కంచె, గైరాను, ఖారిజ్ ఖాతా మొదలైన ప్రభుత్వభూముల లెక్కలు వేఱుగా నుండును. ఈ పుస్తకములన్నింటికిని వరుసలు వేఱు, గళ్ళు వేఱు, ఉద్దేశములు వేఱు. అయినను గ్రామము పేరు, ఫసలీ సంవత్సరము, సర్వే నంబరు అను మూడు మాటలు తెలిసినచో వీనిలో ఏ పుటకైనను చేరవచ్చును.

ఉదాహరణమునకు ఒక గ్రామములో 214 నంబరు పొలమును తీసికొందము. సేత్వారులో అది ఒకే పట్టాదారు పేర ఎనిమిది ఎకరములుగా నుండును. అతడు పోయిన తరువాత ఫౌతీ (వారసుల పేర మార్పు) జరిగి, ఇరువురు కుమారులు పంచుకొన్నచో, 214/అ, 214/ఆ అను బై నంబర్లు పుట్టును. పెద్దవాడు తన భాగములో రెండెకరములు అమ్ముకొన్నచో అది 214/అ/1, 214/అ/2గా చీలును. ఆ చివరి నంబరును చూచిన మాత్రమున, ఇది ఏ పొలమునుండి పుట్టినది, ఎన్ని తరముల చీలిక అన్న వంశచరిత్ర యంతయు తెలియును. వెనుకకు పోవలసినవాడు చివరి తునకను తీసివేయుచు, ఏటి పహాణీనుండి ఫైసల్ పట్టీకి, అటనుండి సేత్వారుకు పోవును. పట్వారీలు ఈ మార్గమున నిద్రలోనైనను నడువగల నేర్పరులై యుండిరి. ఆ నేర్పును నేను నిండు మనస్సుతో గౌరవింతును.

గౌరవించుచునే మరియొక మాట చెప్పవలసియున్నది. అంకె గ్రామస్థులందఱి సౌకర్యమునకై పుట్టినది గాని, దస్తరము ఒకరి యింటనే యుండెను. పట్వారీగిరీ వంశపారంపర్యము. రాజభాష మొదట పారసీకము. 1880లలో ఉర్దూ దాని స్థానమునకు వచ్చినది. పొలము దున్ను రైతునకు ఆ రెండును రావు. తన పేరు పట్టాదారు గడిలో ఉన్నదో, కబ్జాదారు గడిలో ఉన్నదో, ఈ ఏడు అసలు వ్రాయనేలేదో అతడు చూచుకొనలేడు. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అను మువ్వురును, వారి వెనుక దేశముఖులును నిలిచియుండగా, అడుగుటకు ధైర్యము సైతము చాలదు. కొందఱు పట్వారీలు ధర్మాత్ములై యుండవచ్చును, ఉండిరి. కాని వెదకు మార్గము ఒకే మనుష్యుని మనస్సులో బంధింపబడియున్నంత కాలము, ఆ మనుష్యుని మంచితనముపై ఆధారపడుట తప్ప రైతునకు గత్యంతరము లేదు. సూర్యాపేట తాలూకాలోను, దాని చుట్టుప్రక్కలను వేలకొలది ఎకరములు కొద్దిమంది దేశముఖుల పేర చేరుటకు బలప్రయోగము, వెట్టి, అప్పులు ఎంత కారణమో, లేఖ్యములలోనికి రైతు చూపు ప్రసరింపలేకపోవుట అంతే కారణము.

కావుననే 1946 మొదలుకొని 1951 వఱకు నల్లగొండ జిల్లాను కుదిపివేసిన సాయుధపోరాటములో, గ్రామములకు వచ్చిన దళములు అప్పుపత్రములతోపాటు పటేలు పట్వారీల దస్తరములను గూడ బయటికి ఈడ్చి తగులబెట్టినవి. ఆ మంటలను అజ్ఞానమని నిందించువారితో నేను ఏకీభవింపను. తనకు చదువ రానిదై, తన నేలను తననుండి వేఱు చేసినదైన కాగితము రైతు కంటికి లేఖ్యముగా గాక సంకెలగా కనబడుట సహజము. అయితే పరిణామము వేఱు. ఒక ప్రతి తాలూకా కచ్చేరీలోను, మరియొకటి జిల్లాలోను ఉన్నది మరల దొరకును. ఏకప్రతి పోయిన పోయినదే. ఏయేటి సేద్యగాడు ఎవరో తెలుపు గ్రామప్రతి కాలిన చోట, ఆ సేద్యగాని తరతరముల కష్టమునకు సాక్ష్యము సైతము దానితోపాటే దగ్ధమైనది.

ఈ సీమ నడుమ ఒక విచిత్రమైన ద్వీపము ఉండెను. సూర్యాపేటనుండి కోదాడకు పోవు రాజమార్గమున తగులు మునగాల, చుట్టును నిజాం రాజ్యమే యున్నను, బ్రిటిషువారి కృష్ణా జిల్లాకు చెందిన పరగణా. అందుచేత ఒక పొలిమేర దాటిన మాత్రమున పట్వారీ స్థానమున కరణము, గుంటల స్థానమున సెంట్లు, ఉర్దూ స్థానమున తెలుగు ఎదురయ్యెడివి. అటువాడు ఎకరమును నలువదిగాను, ఇటువాడు నూఱుగాను చీల్చుచుండగా, రెండు రాజ్యములలోను భూమి గల కుటుంబము తన ఆస్తిని ఒక లెక్కకు తెచ్చుకొనుటకు ఎంత శ్రమపడవలసి వచ్చెడిదో ఊహింపవచ్చును. ఆంధ్రప్రదేశము ఏర్పడిన తరువాతనే మునగాల నల్లగొండ జిల్లాలో చేరినది.

మునగాల సంస్థానమునకు దివానుగా నుండినవారు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. ప్రభువు నాయని వెంకటరంగారావుగారి ఆదరమున, ఆ పరగణా లెక్కలు చూచుచునే, వారు విజ్ఞానచంద్రికామండలిని నడిపిరి, ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. సమస్త విజ్ఞానమును అకారాదిక్రమమున కూర్చి, ఏ విషయము కావలసినవాడు ఆ విషయపు పేరుతోనే తిన్నగా దానిని చేరునట్లు చేయవలెనన్నది వారి సంకల్పము. ఆ పనిలోని కష్టము తలపునకు అందనిది. ఒకే వస్తువునకు నాలుగు పేర్లున్నచో ఏ పేర వ్రాయవలెను, తక్కిన మూడు పేర్లతో వెదకువానిని అచటికి ఎట్లు పంపవలెను అన్నవి ప్రతి పుటలోను ఎదురగు సమస్యలు. మూడు సంపుటములు వెలువడుసరికి అకారాదిలోని తొలి యక్షరములే పూర్తికాలేదు. 1923లో లక్ష్మణరావుగారు అస్తమించిరి. భూమి లెక్కలకును, విజ్ఞానసర్వస్వమునకును ఒకే దివాను పూనుకొనుట కాకతాళీయమే యైనను, రెండింటికిని కావలసిన బుద్ధి ఒక్కటియేయని నేను భావింతును.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసినది. 1949 ఆగస్టు 15న జాగీరులు రద్దయినవి. ఫసలీ 1358నాటి హక్కుల లేఖ్య శాసనము ననుసరించి 1954-55లో ఊరూరను పొలము పొలము తిరిగి వ్రాసిన ఖాస్రా పహాణీ, ఈ సీమ భూచరిత్రలో సేత్వారు తరువాత అంతటి గౌరవము పొందినది. దాని వెంట 1955 మొదలు 1958 వఱకు సేసల పహాణీ వచ్చినది. ఇచట లేఖ్యములు వెదకువాడు జ్ఞాపకముంచుకొనవలసిన సూక్ష్మమొకటి కలదు. పాత కాగితములమీద ఫసలీ ఉండును, క్రొత్తవానిమీద క్రీస్తుశకము. ఫసలీకి 590 కలిపినచో ఆ యేడు ఆరంభమైన క్రీస్తు సంవత్సరము వచ్చును, అదియు అక్టోబరులో ఆరంభమగును. ఈ లెక్క తప్పినవాడు ఒక ఏటి పహాణీకై మరియొక ఏటి మూటను విప్పుచు దినములు గడుపును. భాష పారసీకమునుండి ఉర్దూకు, ఉర్దూనుండి తెలుగునకు మారినది. రాజ్యము పోయి రాష్ట్రము, ఆ పైన మరియొక రాష్ట్రము వచ్చినవి. ఇన్ని మార్పుల నడుమ 214 అను సర్వే నంబరు 214గానే నిలిచినది.

నిలువని దేదనగా, దాని పైనున్న మెట్లు. కోదాడ ఒకప్పుడు హుజూర్‌నగర్ తాలూకాలోని గ్రామము. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడగా కోదాడ అందులో చేరినది. మిర్యాలగూడ నల్లగొండలోనే యుండిపోయినది. గ్రామము కదలలేదు, పొలము కదలలేదు. కాని పాత నకలు కావలసినవాడు ఏ జిల్లా పేర, ఏ తాలూకా పేర అర్జీ పెట్టవలెనో ముందు తెలిసికొనవలసి వచ్చినది. దీనికి తోడు 1984 జనవరిలో, ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వము వంశపారంపర్య గ్రామోద్యోగములను రద్దు చేసినది. అది న్యాయమైన నిర్ణయమని నా అభిప్రాయము. కాని మూటలు ప్రభుత్వమునకు వచ్చినంత సులభముగా ఆ మూటలలో తిరుగు విద్య రాలేదు. ఏ పుస్తకములో ఏ గడి యెందుకు ఖాళీగా వదలబడినదో చెప్పగలవారు ఇంటికి పోయిరి. అది వారు వ్రాసి పెట్టినది కాదు.

మరియొక దోషము అంతకంటె లోతైనది. బై నంబర్లు పహాణీలో పుట్టుచుండెను గాని, వానిలో అనేకము సర్వేయరు గొలుసుకు ఎక్కలేదు. నక్షామీద గీత పడలేదు, టిప్పన్ కాలేదు. 1967లో నాగార్జునసాగరమునుండి నీరు విడుదలై, ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల చెలకలు వరి మడులుగా మారుసరికి, గుంట నేలకు సైతము విలువ పెరిగి, పంపకములు, క్రయవిక్రయములు విస్తరించినవి. ఒక్కొక్క నంబరు క్రింద పదులకొలది బై నంబర్లు లేచినవి. వాని విస్తీర్ణములన్నియు కూడినచో మూల నంబరు విస్తీర్ణమును మించుచున్నది. దీనినే కచ్చేరీలో ఆర్.ఎస్.ఆర్. తేడా అందురు. కాగితమున పేరుండి, నేలమీద దానికి సరియగు చోటు లేకపోవుట ఈ తేడాకు మూలము. తండ్రి నంబరునుండి బిడ్డ నంబరు క్రమముగా పుట్టినట్లు కనబడుట చేత, చదువువానికి అనుమానము సైతము కలుగదు.

ఇట్టి భూమినుండి, ఇట్టి లెక్కల నడుమ పెరిగిన యువకులు 1990లలో హైదరాబాదులోని అమీర్‌పేటకు చేరి, కొద్ది నెలలు కోబాల్ అను ప్రోగ్రాము భాషను నేర్చి, సముద్రములు దాటిరి. పాశ్చాత్యదేశపు బ్యాంకులు, బీమా సంస్థలు ఇరువది ముప్పది ఏండ్లుగా వ్రాయించుకొన్న ప్రోగ్రాములలో సంవత్సరమును రెండంకెలతోనే గుర్తించుట వలన, 2000 వచ్చునాటికి లెక్కలు తలక్రిందులగునన్న భయము పట్టుకొన్నది. తెలుగువారు పెద్ద సంఖ్యలో అమెరికాలో అడుగు పెట్టుటకు ఈ వైటుకే పని ఒక ముఖ్యద్వారము. ఆ పనిలో క్రొత్తగా వ్రాయవలసినది స్వల్పము. ఎన్నడో ఎవరో వ్రాసి వెడలిపోయిన లక్షల పంక్తులలో తేదీ యెక్కడ దాగియున్నదో కనుగొనుటయే అంతయు. మెయిన్‌ఫ్రేము గ్రంథాలయములలో ఒక ప్రోగ్రాము పేరు ఎనిమిది అక్షరములకు మించరాదు. అందుచేత ఆ ఎనిమిదింటిలోనే మొదటి రెండు ఏ వ్యవస్థకో, తరువాతివి ఏ విభాగమునకో, చివరి అంకె ఏ వరుసకో నియమించుకొన్న సంస్థలలో, పట్టిక చూచిన మాత్రమున క్రొత్తవాడు తన చోటికి చేరెను. ఆ నియమము లేనిచోట ప్రతి ఫైలును తెఱచి చూడవలసి వచ్చెను.

కోబాల్‌లో ఒక అంశము పేరు ముప్పది అక్షరముల వఱకు వ్రాయవచ్చును. పుట్టినతేదీని పుట్టినతేదీ అనియే పిలిచిన ప్రోగ్రాములో, తేదీ అను మాటకై వెదకినచో అన్ని చోట్లును నిమిషములో బయటపడును. అదే అంశమును వ్రాసినవాడు తొందరలో ఎక్స్1 అనియో, పని2 అనియో పిలిచియున్నచో, ఎంత గొప్ప శోధనసాధనమైనను దానిని పట్టుకొనజాలదు. సాధనము పేరును వెదకును. పేరులో అర్థము లేనిచో సాధనమునకు ఆధారమే లేదు. వైటుకే పనివారి కాలములో అధికభాగము హరించినవి ఇట్టి మాఱుపేర్లే.

సాధనముల చరిత్రను గూడ కొంత చెప్పవలెను. కెన్ థాంప్సన్ గ్రెప్ అను శోధకమును యూనిక్స్‌లో 1973లో ప్రవేశపెట్టెను. ఏ మాట నడిగినచో ఆ మాట గల పంక్తులన్నింటిని, ఫైలు పేరుతో సహా, అది ముందుంచును. 1976లో బర్కిలీలో బిల్ జాయ్ వీఐ అను ఎడిటరును వ్రాసెను. ఆ బర్కిలీ బృందమునుండియే కెన్ ఆర్నాల్డ్ సీట్యాగ్స్ అను సాధనము నిచ్చెను. ఇది నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. ప్రోగ్రాము ఫైలులన్నింటిని ఒకసారి చదివి, అందు నిర్వచింపబడిన ప్రతి పేరును, అది ఏ ఫైలులో ఏ చోటున ఉన్నదో ఆ వివరముతో, అకారాదిక్రమమున ఒక పట్టికగా వ్రాసిపెట్టును. ఎడిటరులో ఆ పేరు మీద వేలుంచి మీట నొక్కినచో, నిర్వచనము గల చోటు కన్నులముందు తెఱచుకొనును. మరియొక మీటతో మొదటి చోటికి తిరిగి రావచ్చును. నక్షామీది అంకెనుండి టిప్పన్‌కు, టిప్పన్‌నుండి నేలకు, మరల వెనుకకు సర్వేయరు నడిచిన త్రోవ ఇదియే.

సీట్యాగ్స్ అక్షరములను చూచెడిది. భాషయొక్క అర్థమును సంపూర్ణముగా గ్రహింపలేకుండెను. ఆ పైన వచ్చిన ఎడిటరులు ఒక్కొక్క భాషకు వేఱువేఱుగా అర్థజ్ఞానమును సమకూర్చుకొనినవి. 2016లో మైక్రోసాఫ్ట్ తన విజువల్ స్టూడియో కోడ్ కొఱకు రూపొందించిన ల్యాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను లోకమునకు విడుదల చేసినది మొదలు, ఒక భాషకు ఒకసారి వ్రాసిన జ్ఞానము ఏ ఎడిటరుకైనను ఉపయోగపడుచున్నది. నిర్వచనమునకు పోవుట, ఆ పేరును వాడిన చోట్లన్నియు చూచుట, పేరు మార్చినచో అన్నిచోట్లను ఒక్కసారి మార్చుట నేడు సర్వసాధారణములు. ఫైలు పేరులోని కొద్ది అక్షరములు కొట్టినచో చాలును, సరిపోలు పేర్లు వరుసకట్టి వచ్చును. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన గిట్, ఏ పంక్తిని ఎవరు ఎన్నడు ఎందుకు మార్చిరో తెలుపును. మార్చినవాడు కారణము వ్రాసిన చోట అది ఫైసల్ పట్టీకంటె మిన్న. సరిచేసితిని అని మాత్రమే వ్రాసిపోయిన చోట ఖాళీ గడితో సమానము.

లినక్స్ మూలగ్రంథము నేడు మూడుకోట్ల పంక్తులకు పైబడినది. అంతటి దానిలోనికి క్రొత్తవాడు ఏ దేశమునుండి వచ్చినను, ఫైలువ్యవస్థలన్నియు ఎఫ్ఎస్ అను సంచిలో, నెట్‌వర్కు వ్యవహారము నెట్‌లో, యంత్రభాగములను నడుపునవి డ్రైవర్స్‌లో ఉండునని ఒక పూటలో తెలిసికొనును. ఏండ్లకొలది వేలమంది చేతులు పడినను, ఏ వస్తువును ఏ పేర ఏ చోట నుంచవలెనన్న క్రమశిక్షణను వారు సడలనీయలేదు. దీనికి విరుద్ధముగా, చిన్న సంస్థలలో యుటిల్స్, కామన్, న్యూ, ఫైనల్2 అను పేర్లతో ఫైలులు పెరుగుచుండుటయు, ఏది ఎక్కడనో చెప్పగల ఒక్క మనుష్యుడు సెలవుపై పోయిన దినమున పని నిలిచిపోవుటయు ఈ వృత్తిలోని వారందఱెఱిగినదే. అట్టి మనుష్యుడు తన ప్రాముఖ్యమును కాపాడుకొనుటకు మాత్రమే ఆ విధముగా చేయునని నేననను. తనకు త్రోవ తెలిసియుండుట చేత ఇతరులకు తెలియదన్న సంగతి అతనికి స్ఫురింపదు. కాని అతని క్రింద పనిచేయు క్రొత్తవాని స్థితి, ఉర్దూ రాక పట్వారీ అరుగు చివర నిలిచిన రైతు స్థితికి మిక్కిలి సన్నిహితమైనది. ఫైలునకు సరియైన పేరు పెట్టుటను అలంకారప్రాయమైన మర్యాదగా భావించుట నాకు సమ్మతము కాదు. అది క్రొత్తవానికి, బలహీనునకు చెల్లించవలసిన ఋణము.

2020 అక్టోబరు 29న తెలంగాణ ప్రభుత్వము ధరణిని ప్రారంభించినది. దస్తరము కంప్యూటరునకు ఎక్కినది; జిల్లా, మండలము, గ్రామము ఎన్నుకొని సర్వే నంబరు కొట్టినచో ఇంటియొద్దనే వివరము కనబడు స్థితి వచ్చినది. నూరేండ్లు గుమ్మము ముందు నిలిచినవారి మనుమలకు ఇది సామాన్యమైన లాభము కాదు. అయితే కంప్యూటరు 214/అ/2ను కన్నుమూసి తెఱచునంతలో చూపగలదు గాని, గొలుసు పడని బై నంబరునకు నేలను చూపజాలదు. ధరణి స్థానమున వచ్చిన భూభారతి 2025 ఏప్రిల్ 14న ఆరంభమైనది; ఆ చట్టము భూమికి భూధార్ సంఖ్యను, హక్కు మారునపుడు సర్వే పటమును జతపరచుటను ఉద్దేశించినది. సర్వేయర్లు నేడు గొలుసునకు మారుగా ఉపగ్రహసంకేతము నందుకొను యంత్రములతో మూలలను గుర్తించుచున్నారు. బై నంబర్లన్నింటికిని ఆ కొలత జరిగి పటము పుట్టువఱకు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ న్యాయస్థానములలో భూవివాదము తెచ్చినవారి వకీళ్ళు సేత్వారు నకలు, ఖాస్రా పహాణీ నకలు, సేసల పహాణీ నకలు, ఆ పిదప ఏటేటి పహాణీలు అను వరుసలోనే కాగితములు దాఖలు చేయుచుందురు.